రావలసిన రెండు వేలు

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, సర్వీసు జ్ఞాపకాలు చాలామంది రాశారు కదా, నేను కొత్తగా ఏం రాస్తానన్నాను. "మొన్న మీటింగులో ఆదాయపు పన్ను రిఫండు గురించి అందరూ మిమ్మల్నే అడిగిండ్రు. అదే రాయుండ్రి" అన్నారు. ఆ మాట ఇంటికి వచ్చిన తర్వాత కూడా నన్ను వదల్లేదు. రిఫండు గురించి నాకు తెలిసినది ఒకటి ఉంది, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పనిది ఒకటి ఉంది. రెండూ ఈ వ్యాసంలో రాస్తున్నాను. పాఠకమిత్రులు ఓపికతో చదవాలని మనవి.

నా ఉద్యోగం 1962లో జనగామలో మొదలైంది. 1998లో మహబూబాబాదులో, అంటే మన మానుకోటలో ముగిసింది. ఇప్పుడు చిన్నకొడుకు దగ్గర భూపాలపల్లిలో ఉంటున్నాను. ఈ మూడూ మొన్నమొన్నటి దాకా ఒకే వరంగల్ జిల్లాలో ఉండేవి. 2016 అక్టోబర్ 11న మూడూ మూడు జిల్లా కేంద్రాలయ్యాయి. మా నాన్నగారి కాలంలోనైతే జనగామ తాలూకా నల్గొండ జిల్లాలో ఉండేది. ఊళ్లు కదలకపోయినా జిల్లాలు కదులుతుంటాయి, జిల్లాలతోపాటు మన కాగితాలు కదులుతుంటాయి. రిఫండు ఆలస్యాల్లో సగం ఈ కాగితాల ప్రయాణంలో పుట్టినవే.

ముందు కొంచెం చరిత్ర చెప్పుకుందాం. 1857 తిరుగుబాటు తర్వాత ఖజానా ఖాళీ అయిందని, దాన్ని నింపడానికి ఇంగ్లండు నుంచి జేమ్స్ విల్సన్ అనే ఆర్థిక నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన ప్రతిపాదించిన ఆదాయపు పన్ను 1860 జూలై 24న అమల్లోకి వచ్చింది. పన్ను వచ్చిన నెల తిరగకుండానే ఆగస్టులో ఆయన కలకత్తాలో కన్నుమూశాడు. ఆ పన్నును 1865లో ఆపేశారు. తర్వాత పలు రూపాల్లో వచ్చి పోయి, 1886 చట్టంతో కుదురుకుంది. వ్యవసాయ ఆదాయాన్ని అప్పుడే పన్ను నుంచి తప్పించారు. ఆ తర్వాత 1918 చట్టం, 1922 చట్టం వచ్చాయి. ఎక్కువ కట్టినవాడికి తిరిగి ఇచ్చే విషయం 1922 చట్టంలో 48వ సెక్షన్‌లో ఉండేది.

అయితే ఇదంతా ఇంగ్లీషువాళ్ల ఇలాకా సంగతి. నిజాం రాజ్యంలో ఖజానాకు భూమిశిస్తు, ఆబ్కారీ, సరిహద్దుల్లో వసూలు చేసే కరోడ్‌గిరీ ఇవే పెద్ద ఆధారాలు. మా నాన్నగారు తహసీలు కచేరీలో అహల్‌కారు. ఆయన జీతం హాలీ సిక్కా రూపాయల్లో వచ్చేది. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం. జీతం మీద పన్ను కోత అనే మాట ఆయన ఉద్యోగంలో చాలాకాలం వినలేదట. నిజాం పాలన చివరి రోజుల్లో, 1357 ఫసలీలో, అంటే 1947-48 మధ్య, హైదరాబాదు ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. అది నిలదొక్కుకునే లోపలే 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది.

సంస్థానాలు కలిసిన తర్వాత వాటి ఖజానాలను కేంద్రంతో ఎలా కలపాలో చూడడానికి వి.టి. కృష్ణమాచారి అధ్యక్షతన ఒక కమిటీ వేశారు. దాని సిఫారసుల దారిలోనే 1950 ఏప్రిల్ 1 నుంచి 1922 నాటి భారత ఆదాయపు పన్ను చట్టం హైదరాబాదు రాష్ట్రానికి వర్తించింది. ఒక్కసారిగా భారం పడకుండా మన వంటి రాష్ట్రాలకు కొన్నాళ్లు రాయితీలు ఇచ్చారు. హాలీ సిక్కా మాత్రం కల్దారుతోపాటు 1959 దాకా చెల్లింది. మనం ఈనాడు లెక్కగట్టే పన్నుకు మన ప్రాంతంలో వయసు అంతే. నేను ఉద్యోగంలో చేరిన 1962లోనే ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం అమలైంది. ఆ చట్టమూ నేనూ ఒకే ఏడాది డ్యూటీలో చేరామని మా ఆఫీసులో నవ్వుకునేవాళ్లం.

1961 చట్టంలో రిఫండుకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది, 237వ సెక్షన్ నుంచి 245 దాకా. కట్టవలసిన దానికంటే ఎక్కువ కట్టినవాడికి మిగిలినది తిరిగి పొందే హక్కు ఉందని 237 చెబుతుంది. ఈ హక్కు అనే మాట మన పెన్షనర్లకు బాగా తెలిసినదే. పెన్షన్ దయాభిక్ష కాదు, చేసిన సేవకు వచ్చే హక్కు అని నకారా కేసులో సుప్రీంకోర్టు 1982 డిసెంబర్ 17న తీర్పు చెప్పింది. ఆ రోజునే మనం పెన్షనర్ల దినం జరుపుకుంటున్నాం. రిఫండు కూడా అటువంటిదే. మన జీతంలోంచి ముందే కోసి పెట్టుకున్న మన పైకం అది.

హక్కు ఉన్నంత మాత్రాన పైకం రాదు. దానికి కాగితం కావాలి. జీతగాడి పన్నును 192వ సెక్షన్ కింద జీతం ఇచ్చే ఆఫీసే కోస్తుంది. సర్కారు ఆఫీసుల్లో ఆ కోత ట్రెజరీ ద్వారా సర్దుబాటవుతుంది. ఉద్యోగికి ఫారం 16 ఇస్తారు. ఆ రోజుల్లో ఏడాదికొకసారి, ఎవరి దగ్గర ఎంత కోశామో మొత్తం జాబితా వేసి ఫారం 24 అనే వార్షిక పట్టిక పన్ను కార్యాలయానికి పంపేవాళ్లం. ఉద్యోగి చేతిలోని ఫారం 16, మేం పంపిన ఫారం 24 ఒకదానితో ఒకటి సరిపోవాలి. ఫారం 16 ఉద్యోగి చూసేవాడు. ఫారం 24 మా బీరువాలో ఉండేది. దాన్ని ఉద్యోగి ఎన్నడూ చూసేవాడు కాదు.

ఇక్కడ నా సంగతి మొదలవుతుంది. 1994-95లో నేను మానుకోటలో ఒక ఆఫీసులో బిల్లుల సీటు చూసేవాణ్ణి. ఆ ఏడాది సెప్టెంబరులో జనగామ నుంచి ఒక మిత్రుడు బదిలీ మీద వచ్చాడు. పేరు రాయను. ఆయన కుటుంబానికి ఈ సంచిక వెళ్తుంది, వాళ్లకు తెలుస్తుంది. నెమ్మదైన మనిషి. మధ్యాహ్నం సద్ది విప్పితే ఎదుటివాడికి పెట్టకుండా తినేవాడు కాదు. బకాయిలు కలిపి ఆయన జీతం ఆ ఏడాది 60,000 రూపాయలకు వచ్చింది. స్టాండర్డ్ డిడక్షన్ 15,000 పోతే 45,000. అప్పుడు పన్ను లేని పరిమితి 35,000. మిగిలిన 10,000 మీద 20 శాతం చొప్పున పన్ను 2,000 రూపాయలు. కాని ఆయన జీపీఎఫ్‌లో 6,000, ఎల్‌ఐసీలో 4,000 కట్టాడు. 88వ సెక్షన్ కింద ఆ 10,000 మీద 20 శాతం, అంటే సరిగ్గా 2,000 రాయితీ రావాలి. అంటే ఆయన కట్టవలసిన పన్ను సున్న.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, బదిలీతో వచ్చిన ఆఖరి జీత ధ్రువపత్రం, మనం ఎల్‌పీసీ అంటామే, దాంట్లో మొదటి ఆర్నెల్ల కోతలు రాసి లేవు. పాలసీ రశీదులు కూడా ఆయన పాత సామాన్లలో ఉన్నాయి. ఫిబ్రవరి జీతం బిల్లు ట్రెజరీకి పోవలసిన రోజు.

"రెండు రోజులు ఆగుండ్రి సారూ, జనగామ పోయి రాయించుకొస్త" అన్నాడు.

"బిల్లు ఆగితే అందరి జీతాలు ఆగుతయ్. ఇప్పుడు కోసేద్దాం. రిఫండు వస్తది, ఎక్కడికి పోతది?" అన్నాను.

రెండు వేలు కోశాను. అప్పట్లో ఆయన ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. ఆయన ఏమీ అనలేదు. తర్వాత కాగితాలన్నీ తెచ్చుకుని, 1995 జూన్‌లో రిటర్నూ రిఫండు కోరే ఫారం 30 నింపి ఇచ్చి వచ్చాడు.

ఆ తర్వాత ఎదురుచూపు. అప్పటి ఎదురుచూపు ఎలా ఉండేదో ఈ కాలం పిల్లలకు తెలియదు. పోస్టుమాన్ వచ్చే వేళకు గడపలో నిలబడాలి. మూడు నాలుగు నెలలకొకసారి సెలవు పెట్టి, రైలెక్కి జిల్లా కేంద్రానికి పోవాలి. ఒక టేబులు ముందు నిలబడి ఫైలు నెంబరు చెప్పాలి. ఆయన అలా పోయి వచ్చిన ప్రతిసారీ నాకు చెప్పేవాడు, "నా పేరు మీద కోత ఉన్నట్టు మన ఆఫీసు పట్టికల లేదంటున్నరు సారూ" అని. "మనం పంపినం. వాళ్ల దగ్గరనే ఎక్కడో కలిసిపోయి ఉంటది, మళ్లొకసారి అడుగు" అని చెప్పేవాణ్ణి. బీరువా నా కుర్చీ వెనకే ఉంది. తాళం నా జేబులో ఉంది. ఆఫీసు నకలు తీసి చూడడానికి అయిదు నిమిషాలు పడుతుంది. నేను చూడలేదు. పని ఎక్కువై చూడలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. నేను రాసిన దాంట్లో తప్పుంటుందని నాకు తోచనే లేదు.

ఆయన 1996లో రిటైరయ్యాడు. అయినా ఆ తిరుగుడు మానలేదు. 1998 జూన్‌లో గుండెపోటుతో పోయాడు. ఆగస్టులో నా పదవీ విరమణ. చార్జి అప్పగించడానికి బీరువా ఖాళీ చేస్తుంటే 1994-95 ఫారం 24 నకలు బయటపడింది. ఆయన పేరు ఎదుట కోత గడి ఖాళీ. కింది వరుసలో అదే ఇంటిపేరు గల ఇంకొక ఉద్యోగి ఎదుట, ఒక్క రూపాయి కోత కూడా లేని మనిషి ఎదుట, నా చేతిరాతతో 2,000. గీత ఒకటి కిందికి జారింది. అంతే. మూడేళ్లు ఆ మనిషిని రైలెక్కించింది ఆ గీత.

ఆ రోజే సవరణ లేఖ తయారు చేసి, ఆఫీసరు సంతకం చేయించి, నేనే స్వయంగా తీసుకుపోయి ఇచ్చాను. 1999 ఫిబ్రవరిలో రిఫండు వచ్చింది. 244ఏ సెక్షన్ కింద ఆలస్యానికి వడ్డీ ఇవ్వాలనే నియమం 1989 నుంచి ఉంది. అప్పుడు నెలకు ఒక శాతం. 47 నెలలకు 940 రూపాయలు. మొత్తం 2,940. కాని ఆ చెక్కు ఆయన పేరు మీద ఉంది.

ఆయన భార్య ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. "అన్నా, గిది ఆయన పేరు మీద వచ్చింది. సంతకం పెట్టనీకి ఆయన ఎక్కడున్నడు?" అంది. నేను ఏమీ చెప్పలేకపోయాను. చెక్కు వాపసు చేసి, వారసుల ధ్రువపత్రం జతపరచి, ఆమె పేరు మీద మళ్లీ రాయించేసరికి నవంబరు అయింది. ఆ తిరుగుడంతా నేనే తిరిగాను. ఆమె నన్ను దేవుడిలాంటివాడన్నది. ఆ మాట విన్న తర్వాత నిజం చెప్పే ధైర్యం నాకు రాలేదు. 2019లో ఆమె కూడా కాలం చేసింది.

ఇది నేను చెప్పనిది. ఇక తెలిసిన చరిత్రకు వస్తాను. ఎందుకంటే ఆ తర్వాత జరిగిన మార్పులన్నీ ఆ బీరువా తలుపు తెరిచినట్టే నాకు కనిపిస్తాయి.

1995లో పది అక్షరాల కొత్త పాన్ నెంబరు వచ్చింది. పేర్లూ ఇంటిపేర్లూ ఒకటైనా నెంబరు ఒకటి కాదు. అది అప్పటికే నా పట్టికలో ఉండి ఉంటే ఆ గీత జారినా పట్టుబడేది. 2005 తర్వాత ఏడాదికొక పట్టిక పోయి, మూడు నెలలకొకసారి కంప్యూటరు పట్టిక వచ్చింది. ఎవరి పేరు మీద ఎంత పన్ను జమ అయిందో చూపే 26ఏఎస్ పత్రం వచ్చింది. 2007 జనవరిలో స్టేట్ బ్యాంకు ద్వారా రిఫండు పంపే పద్ధతిని ఢిల్లీ, పాట్నాల్లో మొదలుపెట్టి తర్వాత విస్తరించారు. బెంగళూరులో రిటర్నులన్నీ ఒకచోట పరిశీలించే కేంద్రం వచ్చింది. 2019 మార్చి 1 నుంచి రిఫండు నేరుగా బ్యాంకు ఖాతాలోకే. పోస్టుమాన్‌కు ఈ పనిలో భాగం లేకుండా పోయింది.

ఇదంతా సాఫీగా జరగలేదు. కాగితాల్లోని తప్పులు కంప్యూటర్లలోకి అలాగే ఎక్కాయి. ఎప్పటివో తీరని బాకీలు చూపి, కొత్త రిఫండును వాటికింద జమ వేసుకోవడం మొదలైంది. 245వ సెక్షన్ ప్రకారం అలా చేసేముందు పన్నుదారుకు తెలపాలి. తెలపకుండా కోత పెడుతున్నారని ఒక చార్టర్డ్ అకౌంటెంటు రాసిన లేఖనే ఢిల్లీ హైకోర్టు వ్యాజ్యంగా స్వీకరించి, 2013 మార్చిలో పన్నుదారులకు అనుకూలంగా ఆదేశాలిచ్చింది. అంతకుముందే 2006లో శాండ్విక్ ఏషియా కేసులో, ఏళ్ల తరబడి వడ్డీ ఆపినందుకు పరిహారం చెల్లించాలని సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2013లో ఇంకొక తీర్పులో, చట్టంలో ఉన్న వడ్డీ మాత్రమే ఇవ్వాలని స్పష్టం చేసింది. ఆ వడ్డీ కూడా తగ్గుతూ వచ్చి 2003 సెప్టెంబరు నుంచి నెలకు అర శాతమైంది.

2024 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి బడ్జెటు ప్రసంగంలో చెప్పిన మాట విని నేను ఉలిక్కిపడ్డాను. 1962 నాటివి కూడా చిన్నచిన్న పన్ను బాకీలు లెక్కల్లో మిగిలిపోయాయని, అవి తర్వాతి సంవత్సరాల రిఫండులకు అడ్డుపడుతున్నాయని ఆమె చెప్పారు. 2009-10 దాకా 25,000 రూపాయల లోపువి, ఆ తర్వాత 2014-15 దాకా 10,000 లోపువి ఎత్తివేస్తామన్నారు. సుమారు కోటిమందికి మేలు కలుగుతుందన్నారు. 1962 అంటే నేను ఉద్యోగంలో చేరిన ఏడు! ఎక్కడో ఒక గుమస్తా రాసిన గీత అరవై ఏళ్లు మోసుకొచ్చారన్నమాట. అదే ప్రసంగంలో రిటర్ను పరిశీలనకు 2013-14లో సగటున 93 రోజులు పట్టేదని, అది పది రోజులకు తగ్గిందని కూడా చెప్పారు.

మరి పది రోజుల్లో రానివాళ్ల సంగతి? దానికి మా ఇంటి ఉదాహరణే చెబుతాను. మా చిన్నవాడు సింగరేణిలో పనిచేస్తాడు. బొగ్గు కార్మికులు తమకు ఆదాయపు పన్ను మినహాయించాలని ఎంతోకాలంగా కోరుతున్నారు. 2023లో పదకొండో వేతన ఒప్పందం బకాయిలు 2021 జూలై నుంచి లెక్కగట్టి ఒకేసారి వచ్చాయి. పాత సంవత్సరాల జీతం ఒకే ఏడాదిలో పడితే పన్ను పెరుగుతుంది. దానికి 89వ సెక్షన్ కింద ఊరట ఉంది. అయితే రిటర్ను కంటే ముందు ఫారం 10ఈ ఆన్‌లైన్‌లో నింపాలి. మావాడు నింపలేదు. ఊరట కొట్టేసి, రిఫండు బదులు ఎదురు కట్టమని నోటీసు వచ్చింది.

"వాళ్లే ఏదో తప్పు జేసిండ్రు నాయినా" అన్నాడు.

ఆ మాట నాకు ఎక్కడో విన్నట్టే అనిపించింది. "ముందు మన కాయితం చూడరా" అన్నాను. కోడలు ఫోనులో 26ఏఎస్ తెరిచి చూపింది. కోత సరిగ్గానే ఉంది. లేనిది 10ఈ ఒక్కటే. అది నింపి, సవరణ కోరితే కొన్ని నెలలకు పైకం జమ అయింది. 1995లో నా మిత్రుడు ఎన్ని రైళ్లెక్కినా చూడలేకపోయిన పట్టికను, నా కోడలు భూపాలపల్లిలో వంటింట్లో నిలబడి చూసింది.

కాబట్టి తోటి పెన్షనర్లకు నా అనుభవంతో నాలుగు మాటలు. రిఫండు రాకపోతే ముందుగా 26ఏఎస్ చూడండి, లేదా పిల్లలతో చూపించుకోండి. మీ దగ్గరి పత్రంలోని కోతా, దానిలోని కోతా సరిపోవాలి. తేడా ఉంటే పన్ను కోసిన ఆఫీసునో బ్యాంకునో రాతపూర్వకంగా సవరణ అడగండి. బ్యాంకు ఖాతాలో పేరు, పాన్‌లో పేరు ఒకటిగా ఉండాలి, ఆ ఖాతాను పన్ను పోర్టల్‌లో ధ్రువీకరించాలి. ఆధార్‌తో కలపని పాన్లు 2023 జూలై 1 నుంచి పనిచేయకుండా పోయి, కొందరి రిఫండులు అలాగే ఆగాయి. రిఫండు మంజూరైందంటూ ఫోనుకు వచ్చే లింకులు నొక్కకండి, అవి దొంగల పనే ఎక్కువ. ఇంట్లో ఎవరైనా కాలం చేస్తే, వారి రావలసిన పైకం కోసం వారసులుగా పోర్టల్‌లో నమోదు చేసుకునే వీలుంది, వదులుకోకండి. 1961 చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం ఆమోదం పొందింది, దాని అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. సెక్షన్ల నెంబర్లు, ఫారాల నెంబర్లు మారుతాయి. కోసినవాడు సరిగ్గా రాయాలనే నియమం మాత్రం మారదు.

చివరిగా, ఇంకా బిల్లుల సీట్లలో ఉన్న మా పిల్లలకు ఒక మాట. మీ టేబులు ముందుకు ఎవరైనా వచ్చి "నా పేరు మీద లేదంటున్నరు" అంటే, కుర్చీలోంచి లేచి బీరువా తెరవండి.

ఆ మిత్రుడి పిల్లలు ఈ పేజీ చదువుతారని నాకు తెలుసు. అమ్మా, బాబూ, మీ నాన్న రెండు వేలు పన్ను కార్యాలయంలో పోలేదు. నా దగ్గరే ఆగాయి. ఈ మాట మీ అమ్మగారు ఉండగా చెప్పవలసింది.

సెలవు.